బాలల పుస్తక వర్తకుడు జాన్ న్యూబెరీ

ఏ గ్రామముననైనను గ్రంథాలయము వెలసిన తొలినాళ్లలో పెద్దలు వార్తాపత్రికల కొఱకును, పురాణ గ్రంథముల కొఱకును వత్తురు. పిల్లలు వాకిట నిలిచి తొంగి చూతురు. వారిని లోనికి పిలిచి, వారి చేతి కందునట్టి యెత్తున నొక బల్ల వేసి, దానిపై బొమ్మల పుస్తకములు పరచిననాడే ఆ గ్రంథాలయము ఊరిలో వేరూనినదని చెప్పవచ్చును. మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనుచున్న యీ శుభసమయమున, ఆ బల్లపై నుంచదగిన పుస్తకములు లోకమున నెట్లు పుట్టినవో, వానిలో మేలైనవానిని గుర్తించుటకు గొప్ప గొప్ప బహుమానములు ఎట్లేర్పడినవో తెలిసికొనుట సముచితముగ నుండును.

నేడు ప్రపంచమున బాలసాహిత్యమునకు ఈయబడు బహుమానములు పెక్కు గలవు. అట్టివి ఎవరో యొక రాజు పేరనో, మహాకవి పేరనో వెలసియుండునని మనము తలంతుము. కాని వానిలో మొట్టమొదటిదియు, నేటికిని మిక్కిలి పేరెన్నిక గన్నదియు నగు పతకము ఒక పుస్తకాల అంగడివాని పేర వెలసినది. ఆయన మహాకవి కాడు. విశ్వవిద్యాలయమున చదివిన పండితుడు కాడు. కలవారి యింట పుట్టినవాడును కాడు. ఒక పల్లెటూరి రైతు కుమారుడు. ఆయనయే జాన్ న్యూబెరీ.

ఇంగ్లండు దేశమున బెర్క్‌షైరు మండలములో వాల్తమ్ సెయింట్ లారెన్స్ అను చిన్న గ్రామము కలదు. న్యూబెరీ 1713వ సంవత్సరమున ఆ గ్రామమున జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. ఊరిబడిలో దొరకిన కొలదిపాటి చదువే ఆయనకు లభించిన చదువు. తక్కినదంతయు స్వయముగా పుస్తకములు చదివి సంపాదించుకొన్నదే. సేద్యపు పనులలో ఆయన మనస్సు నిలువలేదు. పదునారేండ్ల ప్రాయమున ఊరు విడిచి, సమీపముననున్న రెడింగు పట్టణమునకు పోయి, అచట నొక ముద్రాపకుని యొద్ద పనికి కుదిరెను. ఆ ముద్రణాలయము నుండి రెడింగ్ మెర్క్యురీ అను వార్తాపత్రిక వెలువడుచుండెను. అచ్చు అక్షరములు కూర్చుట, కాగితము బేరమాడుట, పత్రికను ఊరూర పంపుట, ప్రకటనలు సేకరించుట అను పనులన్నియు ఆయన అచటనే నేర్చెను. పాఠశాల ఈయని విద్యను అచ్చుకూటము ఆయనకు ప్రసాదించినదని చెప్పవలెను.

ఆ ముద్రణాలయమునకు యజమానియైన విలియం కార్నన్ 1737లో మరణించెను. మరణించునాటికి ఆయనకు న్యూబెరీపై నెంత నమ్మకము కలిగెననగా, తన ఆస్తిని తన సోదరునకును ఈ యువకునకును కలిపి వ్రాసియిచ్చెను. తరువాత న్యూబెరీ కార్నన్ భార్యయగు మేరీని వివాహమాడి, ఆమె పిల్లలను తన పిల్లలవలె పెంచెను. ఆయనకు స్వంత సంతానమును కలిగెను. కాని వారిలో జాన్ అను కుమారుడు బాల్యముననే కన్నుమూసెను. పిల్లల పుస్తకములను అచ్చువేసిన యీ మనుజుడు ఇంటినిండ పిల్లలు గలవాడనియు, ఒక పిల్లవానిని పోగొట్టుకొన్నవాడనియు మనము గుర్తుంచుకొనవలెను. 1740లో ఆయన ఇంగ్లండులోని పలు పట్టణములు పర్యటించి, ఎచట నేయే సరకులు అమ్ముడుపోవుచున్నవో, మార్గములెట్లున్నవో, జనుల యలవాట్లెట్టివో ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనెను. వర్తకునకు వలసిన చూపు ఆయనకు సహజముగనే యుండెను.

1743 ప్రాంతమున న్యూబెరీ కాపురమును లండను నగరమునకు మార్చెను. రెండేండ్లకు, అనగా 1745లో, సెయింట్ పాల్ మహాదేవాలయపు ప్రాంగణమున అంగడి తెరచెను. ఆ చోటు నాటి లండను పుస్తక వర్తకులకు కూడలి. బజారులోని దుకాణములను ఆ కాలమున గుమ్మముపై వ్రేలాడు గుర్తుపలకలను బట్టి పోల్చుకొనుచుండిరి. న్యూబెరీ అంగడికి గుర్తు బైబిలును సూర్యుడును. ఆ గుర్తు క్రింద ఆయన తన శేషజీవిత మంతయు వ్యాపారము సాగించెను.

ఆ కాలమున పిల్లల చదువు ఎట్లుండెడిదో చూతము. ఓనమాల పలక, మతబోధ ప్రశ్నోత్తరములు, వ్యాకరణము, భయభక్తులు గఱపు నీతిగ్రంథములు, ఇవియే బాలుర చేతికి పెద్దలిచ్చు పుస్తకములు. వినోదము కావలెనన్న, మూట మోసికొని ఊరూర తిరుగు వర్తకులు అమ్ము చౌకబారు కథల పుస్తకములు దొరకెడివి. అవి పిల్లలకై వ్రాసినవి కావు. 1693లో జాన్ లాక్ అను తత్త్వవేత్త విద్యను గూర్చి గ్రంథము వ్రాసి, పిల్లలకు చదువు ఆటవలె ఉండవలెననియు, దండనవలన గాక ఇష్టమువలన నేర్పవలెననియు బోధించెను. ఆ బోధను తల్లిదండ్రులు మెచ్చుకొనిరి. కాని అందుకు తగిన పుస్తకములు అంగళ్లలో లేకుండెను. న్యూబెరీకి ముందు థామస్ బోర్‌మన్, మేరీ కూపర్ మొదలగు ప్రచురణకర్తలు కొందరు పిల్లలకై చిన్న పుస్తకములు అచ్చువేసిరి. కనుక బాలసాహిత్యమున కంతటికిని న్యూబెరీయే మూలపురుషుడనుట సరికాదు. అయినను దానిని ఒక స్థిరమైన వ్యాపారముగ, ఏటేట సాగు ప్రచురణగ నిలబెట్టిన ఘనత ఆయనదే.

1744లో ఆయన ప్రకటించిన మొదటి బాలల పుస్తకము ఒక చిన్న జేబు పుస్తకము. అక్షరమాల, ఒక్కొక్క యక్షరమునకు ఒక ఆట బొమ్మ, ఆ ఆటను గూర్చి చిన్న పద్యము, చివర నొక నీతివాక్యము, ఈ రీతిగ అందు కూర్పబడెను. నేడు అమెరికాలో జాతీయ క్రీడగ నెంచబడు బేస్‌బాలు పేరు అచ్చులో మొదట కనిపించునది ఈ చిన్న పుస్తకములోనే యని చరిత్రకారులు చెప్పుదురు. పుస్తకము వెల ఆరు పెన్నీలు. మఱి రెండు పెన్నీలిచ్చినచో మగపిల్లవానికి బంతి, ఆడపిల్లకు గుండుసూదులు గ్రుచ్చు మెత్త లభించెడివి. బంతికిని మెత్తకును ఒక ప్రక్క ఎఱుపు, ఒక ప్రక్క నలుపు. మంచిపని చేసిన ఎఱ్ఱని ప్రక్కను, తప్పు చేసిన నల్లని ప్రక్కను సూది గ్రుచ్చవలెను. సూదులన్నియు ఎఱ్ఱని ప్రక్కకు చేరిన బహుమతిగ పెన్నీ, నల్లని ప్రక్కకు చేరిన బెత్తము వచ్చునని ఆ పుస్తకమున నొక కథానాయకుడు పిల్లలకు లేఖ వ్రాసినట్లు కల్పించబడినది. నీతి బోధించుటయు, సరకు అమ్ముటయు, ఆట నేర్పుటయు ఈ యొక్క యుపాయములోనే కలిసియున్నవి. ఇదియే న్యూబెరీ మార్గము.

ఆ మార్గముననే ఆయన పెక్కు పుస్తకములు వెలువరించెను. అవి యన్నియు పిల్లల చేతిలో నిముడునంత చిన్నవి. పూలు ముద్రించిన బంగారువన్నె కాగితముతో అట్టలు కట్టించెడివాడు. 1751లో పిల్లలకై లిల్లీపుషన్ మాగజైను అను పత్రికను ప్రారంభించెను. అది యెక్కువ కాలము నిలువలేదు. కాని పిల్లలకును ఒక పత్రిక యుండవచ్చునను తలంపు నాటుకొనెను. మన తెలుగునాట 1945లో వెలువడిన బాల పత్రికకును, 1947 జూలైలో మద్రాసున ప్రారంభమైన చందమామకును ఎదురుచూచిన పిల్లలు నేడు తాతలును అమ్మమ్మలునైరి. అట్టి యెదురుచూపును ఇంగ్లండులో మొదట రేకెత్తించినవారిలో న్యూబెరీ యొకడు. 1761లో ఆయన వెలువరించిన మఱియొక పుస్తకమున టామ్ టెలిస్కోప్ అను బాలుడు తోడి పిల్లలకు న్యూటను శాస్త్రము బోధించును. బంతులు, బొంగరములు మొదలగు ఆటవస్తువులతోనే గ్రహగతులును చలనసూత్రములును అందు వివరింపబడినవి. శాస్త్రమును పిల్లలకు తేలికగ చెప్పవచ్చునని చూపిన ఆ పుస్తకము న్యూబెరీ మరణానంతరమును పలుమార్లు పునర్ముద్రణము పొందెను.

ఆయన ప్రచురణలలో మిక్కిలి ప్రసిద్ధి చెందినది 1765లో వెలువడిన గూడీ టూ షూస్ కథ. ఇది మన పల్లెవారికి సులభముగ మనస్సుకు హత్తుకొనును. మార్జరీ అను బాలిక తండ్రి రైతు. ఊరి భూస్వామియు, అతని యండ గల మఱియొక ఆసామియు కలిసి ఆయన భూమిని అన్యాయముగ లాగికొందురు. తలిదండ్రులు మరణింతురు. మార్జరీయు ఆమె తమ్ముడును దిక్కులేనివారగుదురు. ఆమెకు ఒక కాలికే చెప్పుండును. ఒక దయామయుడు జత చెప్పులు కుట్టించి యిచ్చినప్పుడు, తనకు రెండు చెప్పులున్నవని అందరికిని చూపుకొనుచు ఆ పిల్ల పరుగెత్తును. అందువలననే ఆమె కా పేరు వచ్చినది. బడికి పోవు పిల్లలు తిరిగివచ్చువేళ వారి పుస్తకములు అడిగి తీసికొని ఆమె చదువు నేర్చును. తరువాత కొయ్యతో అక్షరములు చెక్కి, బుట్టలో వేసికొని, ఇంటింటికి తిరిగి పిల్లలకు చదువు చెప్పును. పెద్దదై ఉపాధ్యాయురాలగును. భారమితి యను యంత్రమును చూచి వర్షము రాకను ముందుగ తెలిపి రైతుల గడ్డిని కాపాడినందుకు, ఆమెను మంత్రకత్తె యని కొందరు నింద మోపుదురు. ఆ నిందను ఆమె తెలివితో తొలగించుకొనును. ఈ కథను ఎవరు వ్రాసిరో నేటికిని తేలలేదు. ఆలివర్ గోల్డ్‌స్మిత్ వ్రాసెనని కొందరు, న్యూబెరీయే వ్రాసెనని కొందరు, మఱియొకరి రచనయని కొందరు చెప్పుదురు. పుస్తకము లేని పిల్ల యెరువు పుస్తకముతో చదువు నేర్చిన యీ కథ నిజమునకు గ్రంథాలయపు కథయే.

మహనీయుల చరిత్ర చెప్పునప్పుడు లోపములను దాచుట మేలు కాదు. న్యూబెరీ పుస్తకములతోపాటు మందులును అమ్మెడివాడు. డాక్టర్ జేమ్స్ జ్వరచూర్ణము అను మందును అమ్ము హక్కు 1746లో ఆయనకు లభించెను. అందుండి ఆయనకు పుష్కలముగ ధనము వచ్చెను. అది ఆంటిమొనీ యను లోహపదార్థము గల మందు. నేటి వైద్యులు దానిని హానికరమైన దానిగ నెంతురు. తన సరకును పొగడుకొనుటలో న్యూబెరీకి సంకోచము లేదు. గూడీ టూ షూస్ కథలో మార్జరీ తండ్రి జ్వరముతో మరణించిన సందర్భమునను, ఆ మందు దొరకని చోట ఆయన రోగగ్రస్తుడైనట్లు వ్రాయబడియున్నది. దుఃఖఘట్టములో సైతము ప్రకటన చొప్పించిన యా చాతుర్యమును చూచి నవ్వవలెనో నొచ్చుకొనవలెనో పాఠకులే నిర్ణయింతురుగాక. గోల్డ్‌స్మిత్ 1774లో జ్వరపడినప్పుడు వైద్యుడు వలదన్నను వినక ఈ చూర్ణమునే సేవించి మరణించెను.

రచయితలకు మాత్రము ఆయన ఆశ్రయమైనవాడు. నిఘంటుకర్తయైన శామ్యూల్ జాన్సన్‌కు అక్కరపడినప్పుడు చిన్న చిన్న మొత్తములు అప్పిచ్చెను. 1760లో తాను స్థాపించిన పబ్లిక్ లెడ్జర్ పత్రికలో గోల్డ్‌స్మిత్ చేత చీనా దేశస్థుని లేఖలు వ్రాయించెను. తరువాత గోల్డ్‌స్మిత్ ధనమును నిలుపుకొనలేని స్వభావము నెఱిగి, ఆయన భోజన నివాసముల ఖర్చును తానే చెల్లించి, ఆ మొత్తమును వ్రాతకూలిలో మినహాయించుకొనెడివాడు. దీనిని ఔదార్యమనువారును, గట్టి లెక్క యనువారును గలరు, రెండును నిజమే. గోల్డ్‌స్మిత్ 1766లో వెలువడిన తన నవలలో, కష్టములో నున్న వానికి ధనసహాయము చేయు దయాళువగు పుస్తక వర్తకుని పాత్రగ న్యూబెరీని చిత్రించెను. జాన్సన్ ఒక వ్యాసమున, ఎప్పుడును పరుగులే గాని ఒక్కచోట కుదురులేని వర్తకునిగ ఆయనను పరిహసించెను. కవియగు క్రిస్టఫర్ స్మార్ట్ న్యూబెరీ సవతి కుమార్తెను వివాహమాడెను. 1757లో స్మార్టును మనోవ్యాధుల వైద్యశాలలో చేర్చుటయందు మామగారి పూనిక కలదని కొందరు చరిత్రకారులు వ్రాసిరి. ఆ విధముగ ఆయన జీవితమున వెలుగును నీడయు రెండును గలవు.

వీనికంటె మనకు ముఖ్యమైన లోప మొకటి గలదు. అది ఆయన దోషము కాదు, కాలదోషము. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు. నాటి పల్లెకూలివాని దినవేతనము ఇంచుమించు ఒక షిల్లింగు. అనగా ఆరు పెన్నీల పుస్తకము కొనవలెనన్న, ఆ కూలివాడు సగము దినపు కష్టమును ధారపోయవలెను. రొట్టెకు చాలని యింట బిడ్డ పుస్తకమునకు చోటెక్కడిది? మార్జరీ కథను వర్తకుల పిల్లలు, ఉద్యోగుల పిల్లలు కొని చదివిరి. నిజమైన మార్జరీలు చదువలేకపోయిరి. పిల్లలకు తగిన పుస్తకమును వర్తకుడు సృష్టింపగలడు. దానిని కొనలేని పిల్లవాని చేతికి చేర్చుట వర్తకుని వశము కాదు. ఆ పనికై లోకము ఉచిత గ్రంథాలయముల కొఱకు మఱియొక శతాబ్దము వేచియుండవలసి వచ్చెను.

న్యూబెరీ 1767 డిసెంబరు 22వ తేదీన తన యేబదినాల్గవ యేట లండనులో మరణించెను. ఆయన దేహమును తన స్వగ్రామమైన వాల్తమ్ సెయింట్ లారెన్స్‌లోనే సమాధి చేసిరి. పదునారేండ్లకు విడిచిన పల్లె తుదకు తన బిడ్డను తానే అక్కున చేర్చుకొనెను. ఆయన కుమారుడు, సోదరుని కుమారుడు, సవతి కుమారుడు ఆ వ్యాపారమును సాగించిరి. అమెరికాలో ఐజయ్య థామస్ అను ముద్రాపకుడు ఆ చిన్న పుస్తకములను తిరిగి అచ్చువేసి అచటి పిల్లలకు అందించెను. ఇంగ్లీషు వర్తకుని పేర అమెరికాలో పతకము వెలయుటకు పూర్వరంగ మిదియే.

ఆయన మరణించిన నూటయేబది నాలుగేండ్లకు, అనగా 1921 జూన్ నెలలో, అమెరికా గ్రంథాలయ సంఘము వారి మహాసభ మాసాచుసెట్స్ రాష్ట్రములోని స్వాంప్‌స్కాట్ అను ఊరిలో జరిగెను. పుస్తక వ్యాపార పత్రికకు సంపాదకుడైన ఫ్రెడరిక్ మెల్చర్ అను నాయన ఆ సభలో బాలల విభాగపు గ్రంథాలయాధికారుల యెదుట నొక సూచన చేసెను. పెద్దల కావ్యములకును నవలలకును బహుమానములున్నవి. పిల్లలకు వ్రాయుటయు అంత గౌరవమునకు తగిన కళయే. కావున ఏటేట మేలైన బాలల గ్రంథమునకు పతకము ఈయవలెననియు, దానికి జాన్ న్యూబెరీ పేరు పెట్టవలెననియు, ఎన్నిక చేయు భారమును పిల్లలతో నిత్యము మసలు గ్రంథాలయాధికారులే వహింపవలెననియు ఆయన భావము. సభ దానిని సంతోషముతో అంగీకరించెను. 1922లో గ్రంథాలయాధికారులు 212 మంది తమ యభిప్రాయములు పంపగా, 163 మంది హెండ్రిక్ విల్లెమ్ వాన్ లూన్ వ్రాసిన మానవజాతి చరిత్రను కోరిరి. ఆ గ్రంథమునకే మొదటి పతకము లభించెను. ప్రపంచమున బాలసాహిత్యమునకు ఏర్పడిన మొదటి బహుమానము ఇదియేయని చెప్పుదురు.

ఈ పతకము కంచుతో చేయబడినది. దానితోపాటు ధనరాశి యేమియు నుండదు. తరువాతి కాలమున ఎన్నిక విధానము మారి, పదునైదుగురు సభ్యుల సంఘము ఆ యేడు వెలువడిన పుస్తకములను చదివి, రహస్యముగ చర్చించి నిర్ణయము చేయుచున్నది. పదునాలుగేండ్ల వరకు గల పిల్లలకు ఉద్దేశింపబడిన గ్రంథమై యుండవలెను. రచయిత అమెరికా పౌరుడో, అచట నివసించువాడో కావలెను. సాహిత్యగుణమే చూడవలెను గాని, నీతిబోధను బట్టియో, ఎక్కువ ప్రతులు అమ్ముడుపోవుటను బట్టియో నిర్ణయింపరాదు. నీతిని బోధించుటయందును, ప్రతులు అమ్ముటయందును ఇంత యాసక్తి గల న్యూబెరీ పేర వెలసిన పతకమునకు ఇట్టి నియమముండుట ఒక వింత. పతకము రాకున్నను మెచ్చదగినవిగ తేలిన పుస్తకములకు ఆ సంఘము గౌరవస్థానమిచ్చును.

ఈ పతకమును భారతదేశమున జన్మించిన రచయిత యొకడు పొందెనని మనవారిలో చాలమందికి తెలియదు. కలకత్తా ప్రాంతమున 1890లో జన్మించి, అమెరికాలో స్థిరపడిన ధనగోపాల ముఖర్జీకి 1928లో ఈ గౌరవము లభించెను. ఆయన గ్రంథము ఒక పావురము కథ. కలకత్తాలో పెరిగిన ఆ పావురము హిమాలయములు చూచి, మొదటి ప్రపంచ యుద్ధమున భారతీయ సైనికులతో ఫ్రాన్సు దేశమునకు పోయి, వార్తలు మోసి, గాయపడి, భయముతో క్రుంగి, మరల ధైర్యము తెచ్చుకొనును. ఆ పావురము పేరు చిత్రగ్రీవము. ఈ పేరు వినగనే, నీతిచంద్రికలో మిత్రలాభము చదివినవారికి కపోతరాజైన చిత్రగ్రీవుడు తలపునకు రాకమానడు. వలతోకూడ పావురములను ఎగురవేసికొనిపోయిన ఆ చిత్రగ్రీవుని పేరు ధరించిన పావురము సముద్రములు దాటి పతకము గెలుచుకొనుట మనకు ఆనందము కలిగించు విషయము.

న్యూబెరీ పతకమును చూచి ఇతర బహుమానములు బయలుదేరినవి. మెల్చర్ సూచన మీదనే ఇంగ్లీషు చిత్రకారుడైన రాండాల్ఫ్ కాల్డెకాట్ పేర చిత్రపుస్తకములకు పతకము 1938 నుండి ఈయబడుచున్నది. బ్రిటనులో అచటి గ్రంథాలయ సంఘము వారు 1936లో కార్నెగీ పతకమును స్థాపించిరి. బాల్యమున పరుల పుస్తకములు అడిగి చదువుకొని, ధనవంతుడైన పిదప వేలకొలది గ్రంథాలయ భవనములు కట్టించిన ఆండ్రూ కార్నెగీ పేర అది వెలసినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము యెల్లా లెప్మన్ అను వనిత, దేశదేశముల పిల్లల పుస్తకములే దేశముల నడుమ మైత్రి కలిగింపగలవని నమ్మి, 1949లో మ్యూనిక్ నగరమున అంతర్జాతీయ బాలల గ్రంథాలయమును స్థాపించెను. ఆమె కృషివలన 1953లో ఏర్పడిన అంతర్జాతీయ మండలి, హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పేర 1956 నుండి రెండేండ్ల కొకమారు రచయితలకు పతకమిచ్చుచున్నది. 1966 నుండి చిత్రకారులకును ఇచ్చుచున్నది. ఆండర్సన్ జన్మదినమైన ఏప్రిలు 2వ తేదీ 1967 నుండి బాలల పుస్తక దినముగ జరుపబడుచున్నది. స్వీడను ప్రభుత్వము 2002లో ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ స్మృత్యర్థము ఏర్పరచిన బహుమానపు మొత్తము 50 లక్షల క్రోనారులు. మన దేశమున కేంద్ర సాహిత్య అకాడమీ వారు 2010 నుండి తెలుగుతో సహా 24 భాషలలో బాలసాహిత్య పురస్కారము ఇచ్చుచున్నారు. ఆ మొదటి యేట తెలుగునకు కలువకొలను సదానంద రచించిన అడవితల్లి నవల ఎన్నికయ్యెను.

ఈ బహుమానములవలన ప్రయోజనమేమి యని అడుగవచ్చును. మొదటిది, పిల్లలకు వ్రాయుట చేతకానివారు చేయు పని యను చులకనభావము తొలగును. రెండవది, వేలకొలది పుస్తకములలో ఏది కొనవలెనో తెలియని చిన్న గ్రంథాలయములకు దారి చూపును. మూడవది, పతకము గుర్తు వేసిన పుస్తకము అచ్చు నిలిచిపోక చాలకాలము దొరకుచుండును. అయితే పెద్దలు మెచ్చి పతకమిచ్చిన పుస్తకమును పిల్లలు మెచ్చితీరవలెనను నియమము లేదు. బీరువాలో క్రొత్తదిగనే మిగిలిన బహుమాన గ్రంథములు ఎన్నియో గలవు. కావున పతకమును చూచి పుస్తకము తెప్పించుకొనుట మంచిదే. తెప్పించిన పిదప ఆ పుస్తకము పిల్లవాని యింటికి పోయి వచ్చుచున్నదా యని చూచుట అంతకంటె మంచిది.

ఇందుకు న్యూబెరీ పుస్తకములే సాక్ష్యము. 1744లో ఆయన అచ్చువేసిన ఆ మొదటి చిన్న పుస్తకపు తొలి ముద్రణ ప్రతి నేడు ఒక్కటియు దొరకుట లేదు. రాజుల గ్రంథాలయములందలి పెద్ద గ్రంథములు చెక్కుచెదరక నిలిచియుండగా, ఆరు పెన్నీల పుస్తకము లేమైనవి? పిల్లలు వానిని చదివిరి, జేబులలో వేసికొని తిరిగిరి, తమ్ములకు చెల్లెండ్రకు ఇచ్చిరి, చించిరి, తుదకు అవి నశించినవి. ఏ కంచు పతకమును ఈయలేని గౌరవమును ఆ చిన్నచేతులు ఆయనకిచ్చినవి.

కావున పుస్తకములు చినుగుచున్నవని మన గ్రంథాలయాధికారి విచారింప నక్కరలేదు. అట్టలు నలిగి, మూలలు మడతపడి, కుట్లు వీడిన పిల్లల పుస్తకమే యీ యిరువదియైదేండ్ల కృషికి నిజమైన రజతపతకము. అట్టి పుస్తకమునకు మరల అట్ట కట్టించుటయు, అది పూర్తిగ చినిగిన మఱియొకటి తెప్పించుటయు చందాదారులమగు మన విధి. ఒక పల్లెటూరి రైతుబిడ్డ పుస్తకముల నాశ్రయించి లోకమున పిల్లలందరికిని మేలు చేసెను. మన యూరి వాకిట నిలిచి తొంగిచూచు పిల్లలలో అట్టివా డెవడున్నాడో మన మెఱుగము. వానికొఱకు ఆ బల్లపై పుస్తకము సిద్ధముగ నుంచుదముగాక. మన గ్రంథాలయము సువర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొని చిరకాలము వర్ధిల్లుగాక.